ఒడ్డు సాలు

ఇరవై రెండేళ్లుగా భూదేవిని ఒక సందేహం పట్టుకొని ఉంది. ఆ రోజు మిర్చి చేనులో తను నోరు తెరిచి ఉంటే ఏమయ్యేది?

చిల్పూరు గుట్ట ఎక్కిన ప్రతి శనివారం ఆమె వెంకటేశ్వరస్వామిని అదే అడుగుతుంది. జనం బుగులు, అంటే మనసులోని భయం, తీర్చే సామి అంటారు ఆయన్ని. భూదేవికి ఈ ఒక్క బుగులు మాత్రం తీరలేదు.

అప్పట్లో ఆమె మిర్చి ఏరడానికి నర్సింహులపేట దాకా పోయేది. చంకలో నాలుగు నెలల సుమ. కూలి ఆడవాళ్లలో ఒక పద్ధతి ఉండేది. ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పలేదు. సంటిపిల్ల తల్లికి ఒడ్డు పక్క సాలు ఇస్తారు. మిర్చి ఘాటు అంటిన చేతులతో బిడ్డను పడితే పసి నోరు మండిపోతుంది. తల్లి ఒడ్డెక్కి, మజ్జిగతో చేతులు కడుక్కొని, కొబ్బరినూనె రాసుకొని అప్పుడు పాలియ్యాలి. అంతసేపూ ఆమె సాలును పక్క సాలు మనిషి ఏరుతుంది. భూదేవి పక్క సాలు మోతీది. అక్కడి తండా మనిషి. మోతీ కూతురు శారదకు అప్పుడు ఐదేళ్లు, ఒడ్డు మీద కూర్చొని సుమ మీద ఈగలు తోలేది.

ఒకనాడు ఆసామి చేనుకు వచ్చాడు. ఒక సాలు సగంలోనే ఆగిపోయి కనిపించింది.

"గీ సాలు ఎవలదే?" అని అరిచాడు.

అది మోతీ సాలు. భూదేవి సాలు ఏరబోయి తన సాలు విడిచిపెట్టింది. ఆ మాట చెప్పాల్సింది భూదేవి. రొమ్మున బిడ్డ, కూలి పోతుందన్న భయం. చెప్పలేకపోయింది.

"నాదే" అంది మోతీ.

ఆ ఏడు మోతీకి ఆ చేన్లలో మళ్లీ పని దొరకలేదు. వెళ్లిపోతూ కూడా ఆమె భూదేవిని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

*

ఇప్పుడు సుమ డిగ్రీ అయిపోయి, విమానంలో ప్రయాణికులను చూసుకునే పనికి శిక్షణ తీసుకుంది. ఒక విమాన కంపెనీ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో ఆడపిల్లలను ఎంచుకుంటామని ప్రకటించింది. సుమకు జనగామలో పిలుపు వచ్చింది. భూదేవి గుట్ట మీద కొబ్బరికాయ కొట్టింది. ఆమె భర్త గట్టయ్య ఊరంతా చెప్పుకొని తిరిగాడు.

ఆ మర్నాడు పగటిపూట ఇంటి ముందు ఆటో ఆగింది. నెరిసిన జుట్టుతో మోతీ దిగింది. వెనక శారద, ఆమె చంకలో ఏడు నెలల పాప. వాళ్లతో ఒక పడుచువాడు, భూపాలపల్లి బొగ్గుబాయి కార్మికుడి కొడుకు కృపాకర్, శారదతో విమానంలో పనిచేసినవాడు.

"నీ బిడ్డను ఆపుమని రాలే చెల్లె" అంది మోతీ గడపలోనే. "పిలుపొచ్చిన పిల్లలందరి ఇండ్లకు పోతున్నం. ఎవల జాగల కూసోబోతున్నదో తెల్వకుంట పోవద్దని వచ్చినం."

శారద ఆ కంపెనీలోనే పని చేసింది. వాళ్ల తండా నుంచి విమానమెక్కి పనిచేసిన మొదటి ఆడపిల్ల. ప్రసవం సెలవు అయిపోయి మళ్లీ పనిలో చేరితే రోజుకు నాలుగు విమానాలు ఎక్కించారు. పొద్దున పోతే మాపటికి ఇల్లు. రొమ్ములు పొంగి గడ్డకట్టాయి, జ్వరం వచ్చింది. పాలు పిండుకోవడానికి ఆమెకు దొరికిన చోటు విమానంలోని పాయఖానా ఒక్కటే. కోటు తడిస్తే "యూనిఫాం పాడు చేసింది" అని రాశారు. మొహం మీద నవ్వు చెరగకూడదని నేర్పే కంపెనీ అది. బిడ్డ కోసం సీసాలో దాచిన పాలను ఒక అధికారి అందరి ముందర చెత్తడబ్బాలో పారబోశాడు.

భూదేవి మెల్లగా అడిగింది. "నాకు తెల్వకడుగుత బిడ్డా, గాల్లె ఎగిరేటప్పుడు పాలకు యాళ్ల, గంత టైము ఎట్లిస్తరు?"

"గాల్లె ఎవలడిగిన్రు చిన్నమ్మా? దిగినంక ఇరవై నిమిషాలు, గొళ్లెం ఉన్న గది, పాలు పెట్టుకునే సల్లని డబ్బా. గంతే. గట్ల కాకుంటే కొన్ని నెలలు కింద, నేల మీద పని. పిల్లకు పదిహేను నెలలు నిండేదాక పాలకు యాళ్ల ఇయ్యాలని చట్టంలనే ఉన్నది. నేల మీద చట్టం ఆకాశంల చెల్లదా?"

"ఏమన్నరు మరి?"

"జీతం లేని సెలవు పెట్టుమన్నరు. పాలిచ్చే తల్లి గాలి బుక్కి బతుకుతదనుకున్నరు."

కృపాకర్ అందుకున్నాడు. "అక్క పాయఖానలకు పోయినప్పుడు ఆమె బండి నేను తోసిన. ఎవలకు నీళ్లాగలే, చాయ్ ఆగలే. అయినా పిలిచి అడిగిన్రు, ఇంకొకరి పని నువ్వెందుకు చేసినవని."

భూదేవికి మిర్చి చేను గుర్తొచ్చింది. గీ సాలు ఎవలదే? అదే గొంతు. కోటు మాత్రమే కొత్తది.

శారదను పనిలోంచి తీసేశారు. మర్నాడు కృపాకర్ సహా తొమ్మిది మంది విమానం ఎక్కేది లేదని కూర్చున్నారు. వాళ్లనూ బయటికి పంపారు. ఆ పది జాగలు నింపడానికే కంపెనీ ఈ జిల్లాలకు వస్తోంది.

గట్టయ్యకు కోపం వచ్చింది. "మీ కొట్లాటల మా పిల్ల నోటికాడి ముద్ద పోవాల్నా? మీరు మీరే సర్దుకోరాదు?"

"సర్దుకున్నం బాపూ" అన్నాడు కృపాకర్. "మేం సర్దుకుంటే కంపెనీకి ఏం నొస్తది? ఆమె బరువు మేం మోస్తం, లాభం ఆళ్లు తింటరు. గది, యాళ్ల, కింద పని కంపెనీయే ఇయ్యాలె, కాయితం మీద ఇయ్యాలె. మా నాయిన భూమి కింద, నేను మబ్బుల మీద. ఇద్దర్ని పీల్సుకతినేటోడు ఒక్కడే."

భూదేవి ఆలోచనలో పడింది. నిజమే కదా. ఆనాడు ఆడవాళ్లు ఒకరి సాలు ఒకరు ఏరుకున్నారు. ఆసామికి ఒక్క మిరపకాయ తగ్గలేదు. ఆయన్ని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

వాళ్లు పోయాక సుమ అడిగింది. "అమ్మా, గా మోతీ పెద్దమ్మ నీకెట్ల ఎరుక?"

భూదేవి మొత్తం చెప్పింది.

"నేను పాలు తాగినందుకు గామె పని పోయింది. ఇప్పుడు గామె మనుమరాలు పాలు తాగినందుకు గామె బిడ్డ పని పోయింది. గా జాగల పోయి నేను కూసోవాల్నా?"

*

గురువారం జనగామ ఫంక్షన్ హాలులో రెండు వందల మంది అమ్మాయిలు వరుస కట్టారు. కంపెనీ ఏం రాయించుకుంటుందో చూడాలని సుమ కూడా ఆ వరుసలో నిలబడింది. గేటు దగ్గర తండా ఆడవాళ్లు, చిల్పూరు దిక్కు కూలీలు, కాలేజీ పిల్లలు, పనిపోయిన పది మంది. శారద చేతిలో అట్ట. దాని మీద ఒకటే మాట: "పాలిచ్చుడు నేరమా?"

లోపల కోటు వేసుకున్న అధికారి సుమ ముందు కాగితం పెట్టాడు. సుమ చదవడం మొదలుపెట్టింది.

"చదవక్కర్లేదమ్మా, సంతకం పెట్టు."

"చదవొద్దన్నదే ముందు చదవాలని మా సార్ చెప్పిండు."

ఏడో షరతు దగ్గర ఆమె వేలు ఆగింది. కుర్చీలోంచి లేచి, హాలంతా వినబడేట్టు ఆ ఇంగ్లీషును తెలుగులో చెప్పింది. "వినుండ్రి. పిల్ల పుట్టినంక పాలకు యాళ్ల అడగను, వేరే పని అడగను. గిట్ల రాసిన్రు. దీని మీద మనం సంతకం పెట్టాల్నట."

"మనకు పెండ్లే కాలే, పాల ముచ్చట మనకెందుకే?" అంది వరుసలో ఒక అమ్మాయి.

"నువ్వు పాలు తాగకుంటనే గింత పెరిగినవా?" అంది ఇంకొకతి. హాలంతా నవ్వింది. ఆ నవ్వుకే అధికారి మొహం ఎర్రబడింది.

"నువ్వు కాకపోతే నీ జాగాకు వరుసలో రెండు వందల మంది ఉన్నారు!"

"ఆ రెండు వందల మందే విన్నరు సార్." సుమ కలం బల్ల మీద పెట్టేసింది.

ఆ వెనక ఇంకో కలం. ఇంకోటి. ముగ్గురు మాత్రం తల దించుకొని సంతకం పెట్టి బయటికి వచ్చారు. కాలేజీ పిల్లలు వాళ్లను తిట్టబోతే మోతీ అడ్డం వచ్చింది. "గది ఆకలి పెట్టిన సంతకం. తిట్టుడు ఉంటే కోటోన్ని తిట్టుండ్రి."

తక్కిన అమ్మాయిలంతా నినాదాలతో గేటు దగ్గరికి వచ్చేసరికి పోలీసు వ్యాను ఆగింది.

"శారద ఎవరు? ఫిర్యాదు ఆమె మీద ఉంది" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అప్పుడే పాప ఏడుపు అందుకుంది. శారద అట్టను పక్కన పెట్టి మెట్ల మీద కూర్చొని రొమ్ము అందించింది. ఆడవాళ్లు చుట్టూ కొంగులు పట్టారు. ఒక కొంగు భూదేవిది.

"లెవ్వు! తర్వాత ఇద్దువు పాలు."

కొంగులు కదలలేదు. భూదేవికి గుట్ట మీది సామి గుర్తొచ్చాడు. ఇన్నేళ్లు అడిగితే ఆయన చెప్పలేదు. నోరిచ్చి పంపినవాడు మాట కూడా తనే చెప్పాలా?

పక్కనున్న సుమను పిలిచి తన జాగాలో నిలబెట్టింది. వంగి అట్ట అందుకుంది. ఇన్‌స్పెక్టర్ ఎదురుగా పోయి నిలబడింది.

"గీ సాలు నాది సార్."

"ఏం సాలు?"

"సంటిపిల్ల తల్లి పాలిచ్చేదాక ఆమె సాలు పక్కోళ్లం తీస్తం. గది మా రివాజు. పిల్ల కడుపు నిండేదాక ఆమెను ముట్టుకోవద్దు. రాసుకో, నా పేరు భూదేవి. మాది చిల్పూరు మండలం."

గేటు అవతలి దాకా వినిపించింది ఆ గొంతు. ఇన్‌స్పెక్టర్ వ్యాను వైపు చెయ్యి చూపించాడు. ఆమె ఎక్కింది. వెంటనే వెనక నుంచి, "నా పేరు గూడ రాసుకో!" "నాది గూడ!" తండా ఆడవాళ్లు, కూలీలు, సంతకం పెట్టని అమ్మాయిలు వ్యాను ఎక్కడానికి తోసుకొచ్చారు. ఇన్‌స్పెక్టర్ ఇంకో వ్యాను కోసం ఫోన్ చేశాడు. గట్టయ్య కృపాకర్ పక్కన నిలబడి మొదటిసారి నినాదం ఎత్తుకున్నాడు. గొంతు కీచుమంది, అయినా ఆపలేదు.

మోతీ వ్యాను ఎక్కి వచ్చి భూదేవి పక్కన కూర్చుంది.

"అక్కా, గా దినం చేన్ల నేను చెప్పకపోతి గద..."

మోతీ ఆమె చేయి పట్టుకుంది.

"ఇయ్యాల చెప్పినవు గద. బాకీ తీరింది. జర జరుగు, ఇంకా మస్తు మంది ఎక్కుతున్నరు."