తొలిమాటకు చప్పట్లు

యాడికి అనే ఊరి దగ్గరి పల్లె బడిలో కృపాకుమారి టీచరు బెత్తం పారేసి, పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టింది. “ఇది బడా, తిరనాళ్లా?” అని హెడ్మాస్టరు ఈసడించినా వినలేదు. నోరు తెరవని పిల్ల మొదటిసారి మాట్లాడితే అందరూ చప్పట్లు కొట్టాలని నియమం కూడా పెట్టింది. అందరికీ మాటలొచ్చినాయి, ఒక్క జయంతికి తప్ప. ఆ పిల్ల కోసం నాలుగు నెలలు కాచుకునింది.

ఆ పొద్దు జయంతి తనంతట తనే లేచి నిలబడింది.

“టీచర్, వాన రాలేదు, మా శెనక్కాయ పంటంతా ఎండిపాయ. రేపు అందరమూ బెంగళూరుకు కూలికి పోతాండాం. నేనింక బడికి రాను.”

పిల్లలు నియమం తప్పలేదు. చప్పట్లతో గది మారుమోగిపోయింది. ఆపమని టీచరు చెయ్యెత్తినా ఎవరూ చూడలేదు.

జయంతి మొదటిసారి నవ్వుతాండాది.