గడపకు వేపమండలు

ఉరుకుందమ్మ మడమ మీది పుండు వాసన గడప దాటి వీధిలోకి వచ్చిన రోజే కోడలు మహాదేవమ్మకు భయం పట్టుకుంది.

తుంటి విరిగి ముసలామె మంచాన పడి చాలాకాలమైంది. కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు బ్లాకు ఆఫీసు వాళ్ళు ఊరికి వచ్చి, లేవలేని ముసలివాళ్ళ ఇంటికే సర్కారు నర్సమ్మ వచ్చి పుండ్లు కడిగి కట్టు కట్టిపోతుందని చెప్పారు. శెనక్కాయ పీకేటప్పుడు కరణం ఉరుకుందమ్మ పేరు రాసుకున్నాడు. నర్సమ్మ ఒక్కతే, ఊళ్ళు బోలెడు. వంతు వస్తేనే రాక. ఇప్పుడు పత్తి తీస్తున్నారు. నర్సమ్మ జాడ లేదు.

మహాదేవమ్మ మొగుడు సోమన్న కాలువ తవ్వే పనికి పోయి మళ్ళీ ఇంటి ముఖం చూడలేదు. ఆమె పత్తి చేనికి పోకపోతే పొయ్యి వెలగదు.

ఎదురింటి సుంకులమ్మ ఆ పొద్దున ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వాకిట్లో నిలబడింది.

"ఏమే మాదేవీ, ఆ కాలు కుళ్ళిపోతాండాది. ఇంగా ఇంట్లో పెట్టుకోని ఏం జేస్తావు? రెడ్డితో చెప్పి బండి కట్టిస్తా. కర్నూలు పెద్దాసుపత్రిలో ఎయ్యి."

"నర్సమ్మ వస్తాదిలే అక్కా."

"ఆ నర్సమ్మ వచ్చేలోపల యముడొస్తాడు. ఆయప్పకు వంతులు లేవు!"

లోపల ఉరుకుందమ్మ అంతా విన్నది. కోడలు లోపలికి రాగానే మణికట్టు పట్టుకుని వదల్లేదు. "నన్ను కర్నూలుకు పంపొద్దే. ఆడ కాలు కోస్తారంట. ఒంటికాలితో పైకి పోతే మీ మామ నన్ను గుర్తు పడతాడా?"

మహాదేవమ్మ చేనికి పోయిన సమయం చూసి వీధివాళ్ళు ముసలామెను బండెక్కిస్తే అడ్డుపడేవాళ్ళెవరు? అప్పుడే ఆ పాడు ఉపాయం తట్టింది. మరునాడు తెల్లవారకముందే గడపకు వేపమండలు కట్టింది. మండలు కట్టిన ఇంట్లో మశూచి అమ్మవారు పోసిందని లెక్క. ఆ గడప ఎవరూ తొక్కరు, ఆ ఇంటివాళ్ళు బయటికి రారు. ముడి వేశాక, తల్లి పేరు చెప్పి అబద్ధమాడినందుకు లెంపలు వేసుకుని, మంచం పక్కన నీళ్ళు పెట్టి, వెనక గోడ దూకి, తన ఇంటి సంగతి తెలియని పొరుగూరి చేనికి పోయింది.

మధ్యాహ్నం పక్క సాలులో పత్తి తీస్తున్న గిడ్డమ్మ నడుం నిలబెట్టి, "సర్కారు నర్సమ్మ బండి మీ ఊరి దిక్కు పోయినట్లుండాదే" అంది.

మహాదేవమ్మ ఒడిలోని పత్తి చేనిలోనే పోసి పరుగెత్తింది.

ఊరి మొదట్లోనే తలారి బొజ్జన్న ఎదురుపడి, దయ్యాన్ని చూసినట్లు ఆగిపోయాడు. "నువ్వు ఇంట్లో లేవా? అమ్మోరుండే ఇల్లు ఇడిసి యాడికి పోయింటివి?"

"నర్సమ్మ యాడన్నా?"

"మీ ఇంటిదాంక నేనే పిల్చుకపోతి. మండలు జూసి నేనే ఆపితి. లోపల్నించి ముసిల్ది ఎవురెవురని పిలస్తానే ఉన్నింది. మళ్ళీ వంతుకు వస్తానని వాగు దిక్కు పాయె."

వాగు ఇసుకలో బండి చక్రాలు దిగబడి ఆగితే మహాదేవమ్మకు అందింది. ఇంట్లో అమ్మవారు లేదని ఆమె చెప్పగానే తెల్లచీర కట్టుకున్న నర్సు కృపమణి బండిలోంచి ముందుకు వంగింది.

"మశూచి లేదంటావా? రేపు టీకాల వాళ్ళను పంపమని కబురు కూడా పెట్టినానే!"

"లేదు తల్లీ. నేనే కడితి. ఆమెను ఎత్తుకపోతారని భయపడి కడితి. నీ కాళ్ళు మొక్కుతా, ఎనక్కి రామ్మా."

కృపమణి బండివాణ్ణి చూసింది, వాలుతున్న పొద్దును చూసింది. "తిప్పు" అంది.

ఇంట్లో ఉరుకుందమ్మ గోడవైపు ఒదిగి ఉంది. "బయట అందరూ అమ్మోరు, అమ్మోరు అంటాండ్రి. నా మీదికి వచ్చిందేమోననుకుంటి. ఎంత పిల్చినా ఎవురూ రాకపాయె. సచ్చిపోయినానేమో, అందుకే నా మాట ఎవురికీ ఇనపడలేదనుకుంటి."

కృపమణి పుండు కడిగింది. మడమ అంచున నల్లబడిన చోటును వేలితో చూపించి, మహాదేవమ్మను గుమ్మం దగ్గరికి పిలిచి గొంతు తగ్గించింది. "దినామూ ఉప్పునీళ్ళతో కడగాల. పగలు గంటగంటకు పక్క మార్చాల. నా వంతు మళ్ళీ ఎప్పుడొస్తాదో నాకే తెలీదు. జ్వరం మాత్రం రాకూడదు. వస్తే కర్నూలు తప్పదు."

పగలు పక్క మార్చాలంటే మనిషి కావాలి. బండి పోయాక మహాదేవమ్మ మండలు పీకేసి, వీధి దాటి సుంకులమ్మ వాకిట్లో నిలబడింది.

"అక్కా, తప్పు జేసినా. నేను చేనికి పోయినప్పుడు కొంచెం అత్తను..."

సుంకులమ్మ గడప దాటలేదు. ముఖంలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"పిల్లలుండే ఇల్లు నాది. లేని తల్లిని ఉండాదని పిలిస్తివి. పిలిచినాక ఆయమ్మ రాకుండా ఉంటాదా? నీ గడప నేను తొక్కను మాదేవీ. ఈ వీధిలో ఎవురూ తొక్కరు."

తలుపు వేసుకుంది.

దీపం పెట్టే వేళకు ఉరుకుందమ్మ నుదురు వెచ్చగా తగిలింది. పగటి ఎండకేమో అనుకుంది మహాదేవమ్మ. కానీ ఆ ఇంట్లోకి ఎండే పడదు. పుండు వల్ల వచ్చే జ్వరమే, నర్సమ్మ చెప్పిందదే అని మనసుకు ఎంత చెప్పుకున్నా చేతులు వినలేదు. బుడ్డిదీపం దగ్గరకు జరిపి అత్త చేతులు, మెడ, వీపు ఒక్కొక్క చోటే పొక్కుల కోసం తడిమి చూడసాగింది.

"ఏం ఎతుకుతాండావే?"

"చీమలత్తా. చీమలేమన్నా పట్టినాయేమోనని."

"ఉండాయా?"

"లేవు" అంది మహాదేవమ్మ, ఇంకా వెతుకుతూనే.