ఎండలో ఆరేసిన వీపు

ఆదివారం వచ్చిందంటే కోడలి పనులకి ఒక వరస ఉండేది. ముందు గిన్నెలు, తర్వాత దుప్పట్లు, ఆ తర్వాత మొగుడి చొక్కాలు. అవి తోళ్ళ కార్ఖానా వాసన పట్టిన చొక్కాలు, మూడు నీళ్ళు మారిస్తే గానీ మనిషిని దగ్గరికి రానివ్వవు. అన్నీ తీగ మీదికి ఎక్కాక స్నానాల గదిలోకి వెళ్ళి, గడియ పెట్టుకుని, తన వీపు విప్పుకునేది.

అదేమంత కష్టమైన పని కాదు. మెడ కింద వేలు పెట్టి, కాచిన పాల మీద మీగడ ఎత్తినట్టు నెమ్మదిగా ఎత్తుకుంటూ నడుము దాకా వస్తే, మొత్తం ఒక్క ముక్కగా చేతుల్లోకి వచ్చేసేది. వాళ్ళమ్మ నేర్పింది. "తినే గిన్నె తోముతాం, కప్పుకునే దుప్పటి ఉతుకుతాం, ఇంత బరువు మోసే వీపు ఏం పాపం చేసుకుందే? వారానికోసారైనా నిన్ను నువ్వు ఉతుక్కుని ఎండలో వేసుకో" అనేదావిడ.

వారమంతా బట్టీలో ఇటుకలు మోసే వీపు అది. దానికోసం ఆమె పెద్దగా ఖర్చేమీ పెట్టేది కాదు. తెల్లారగానే ఎండలో పెట్టిన నల్ల డబ్బాలో నీళ్ళు పొయ్యి అక్కర్లేకుండానే గోరువెచ్చనయ్యేవి. పిండేసిన నిమ్మచెక్కలు, గుప్పెడు తవుడు, గోడ మీద పాకిన పాదు నుంచి కోసి ఎండబెట్టిన బీరపీచు. అంతే. తోమిన నీళ్ళు మళ్ళీ ఆ పాదుకే పోసేది. ఆరాక రెండు చుక్కల నూనె రాసి తగిలించుకుంటే ఒళ్ళంతా తేలికపడి, సోమవారం బట్టీ గేటు అంత దూరంగా అనిపించేది కాదు.

ఆరేదాకా మాత్రం గోడకి జారబడి కూచోవాల్సిందే. వీపు లేని మనిషి బిందె ఎత్తలేదు, లేచి నిలబడలేదు. దుప్పటి కప్పుకుని కూచుంటే, గాలి వీచినప్పుడల్లా ఖాళీ కుండ మూతి మీద ఊదినట్టు వెనకనుంచి హూమని చప్పుడొచ్చేది. ఆ చప్పుడంటే ఆమెకి ఇష్టం. ఆ రెండు గంటలూ ఎవరూ ఏ పనీ చెప్పేవారు కాదు, చెప్పినా ఆమె చెయ్యగలిగేది కాదు.

ఇదివరకు పెరట్లో ఆరేసేది. పక్కింటివాళ్ళు పైన ఇంకో అంతస్తు లేపి పెరటి ఎండంతా మింగేశాక, ఓ ఆరు వారాల నుంచి, గడప మీద కూచున్నా చెయ్యందేలా కిందికి కట్టిన వీధివైపు తీగ మీద వేస్తోంది.

"అమ్మాయ్, మబ్బు పట్టింది, వీపు తీసుకో!" అని డబ్బాలకి మాట్లు వేసే ముసలాయన ఎదురు మెట్ల మీంచి కేకేసేవాడు.

"ఏం పెట్టి తోముతావు తల్లీ?" అని కుట్టుమిషనామె కిటికీలోంచి తల బయటపెట్టి అడిగేది.

"నిమ్మచెక్కలక్కా. తవుడు."

"మా ఆయన్ని కూడా ఇలా విప్పి ఆరేసే ఉపాయం ఉంటే చెప్పు. గురక పోతుందేమో చూద్దాం."

అందరూ నవ్వుకునేవారు. ఆ వీపు మీద ఏముందో మాత్రం ఎవరూ అనేవారు కాదు. పైనుంచి కింద దాకా గీతల కాగితంలా బెల్టు వాతలు. కుడి పక్కటెముకల మీద బెల్టు బకిలు దిగిన చోట నెలవంకలా ఒక గుంట. కొన్ని నల్లగా, కొన్ని పచ్చగా, ఆ వారంవి ఎర్రగా. వీపు ఆరిందా అని అడిగే నోళ్ళు, వీపుకి ఏమైంది అని అడగలేదు. వీపు తీసి తీగ మీద వేయడం ఆ వీధికి ఎంత మామూలో, దాని మీద వాతలుండడం కూడా అంతే మామూలు.

మొగుడు తాగుబోతు కాదు. తాగితే బాగుండేదని ఆమె ఎన్నోసార్లు అనుకుంది. తాగినవాడికి దిగుతుంది, ఇతనికి దిగడమన్నది లేదు. ఇంటికొచ్చి, చెప్పులు జతగా పెట్టి, చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు బెల్టు తీసేవాడు. ముఖం జోలికి వచ్చేవాడు కాదు. ముఖం వీధికి కనబడుతుంది కదా. పగలంతా పచ్చి తోళ్ళు గీకి గీకి, ఎక్కడ ఎంత లాగితే ఎంత సాగుతుందో ఆ చేతులకి బాగా తెలుసు.

అత్త పక్కగదిలో ఉండేది. కొడవలిలా వంగిపోయిన ముసలిది. బెల్టు చప్పుడు మొదలవగానే రేడియో గొంతు పెంచేది.

ఆ గురువారం కార్ఖానాలో మేస్త్రీ పదిమంది ముందూ ఇతన్ని పట్టుకుని, "ఏరా, మీ ఇంటిముందు ఓ తోలు ఆరేస్తున్నారట? అన్ని మచ్చలుంటే రెండో రకం కింద కూడా ఎవడూ తీసుకోడురా" అన్నాడు. అందరితో పాటు ఇతనూ నవ్వాడు. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు జతగా పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు.

"నా పరువు తీసుకెళ్ళి తీగ మీద ఆరేస్తావా?"

మొదటి దెబ్బకి ఆమె గోడకి కొట్టుకుంది. రెండోది బకిలు వైపుతో. కింద పడ్డాక జుట్టు పట్టుకుని బోర్లా తిప్పి, మోకాలు నడుము మీద వేసి, తోలు గీకేటప్పుడు కూచున్నట్టు కూచుని కొట్టాడు. ఆమె తువ్వాలు నోట్లో కుక్కుకుంది. చర్మం చిట్లి తడి నడుము పక్కకి జారడం తెలుస్తోంది. పక్కగదిలో రేడియో పెద్దదైంది. ఎవరో పెద్దమనిషి ఆదివారం దాకా ఎండ బాగానే కాస్తుందని చెప్తున్నాడు.

"ఈసారి అది తీగ మీద కనబడిందో," అన్నాడతను ఆయాసపడుతూ. "తీసుకెళ్ళి కార్ఖానా సున్నం తొట్టిలో పడేస్తా. పది రోజుల్లో చెప్పులకి పనికొస్తుంది."

ఊరికే బెదిరించే రకం కాదని ఆమెకి తెలుసు. సున్నంలో పడ్డది మళ్ళీ ప్రాణంతో బయటికి రాదు. అప్పుడిక బట్టీ లేదు, కూలి లేదు. బతికినన్నాళ్ళూ ఆ గోడకి జారబడి, ఎవరైనా అందిస్తే నీళ్ళు తాగుతూ, గాలికి హూమంటూ ఉండాలి. అందించేదెవరు? అతనే.

అందుకని ఆ వారం విప్పకూడదనుకుంది. శుక్రవారం, శనివారం ఆ పుళ్ళ మీదే ఇటుకలు మోసింది. ఆదివారానికి జ్వరం వచ్చింది. వీపు వాసన కొడుతోంది. ఒక్కసారి కడిగి ఎండ చూపించకపోతే ఉన్న వీపు కుళ్ళిపోయేలా ఉంది. అతను కాపలా కూచున్నట్టు గుమ్మంలోనే కూచున్నాడు. ఇంతలో కార్ఖానా నుంచి మనిషి వచ్చి, లారీ లోడు దిగాలి, అందరూ రావాలన్నాడు. తిట్టుకుంటూ వెళ్ళాడు.

అతను మలుపు తిరగ్గానే ఆమె స్నానాల గదిలోకి వెళ్ళింది. ఈసారి వీపు మీగడలా రాలేదు. పుండు పుండు దగ్గరా అంటుకుని, ఒక్కొక్క చోటా ప్రాణం తీసి వచ్చింది. మెల్లిగా తోమింది. రెండు దుప్పట్ల మధ్య దాచి తీగ మీద వేసి, పాక్కుంటూ లోపలికొచ్చి గోడకి చేరగిలబడింది.

రేడియో పెద్దమనిషి మాట నిలబెట్టుకోలేదు. గంట తిరక్కుండానే వాన మొదలైంది.

"అత్తయ్యా! వీపు తడిసిపోతోంది, కాస్త తెచ్చి పెట్టరూ!"

ముసలిది గొణుక్కుంటూనే వెళ్ళింది. తడిసిన వీపు బరువు, ఈవిడ చేతులు చూస్తే పుల్లలు. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి, తడి బొంత మోసుకొచ్చినట్టు భుజాల మీద వేసుకుని వంటగదిలోకి వచ్చింది. దింపబోతే దిగలేదు. బట్టల మీంచే అంటుకుపోయింది.

టపటపమని ఎముకల చప్పుడు వినిపించింది. గుమ్మంలోంచి చూస్తున్న కోడలికి, అత్త తల పైకి, ఇంకా పైకి లేచి అలమార తలుపుకి తగలడం కనిపించింది. ఇటుకలు మోసే వీపు కదా, ముసలిదాన్ని నిటారుగా నిలబెట్టేసింది. నిలబెట్టి, తన దగ్గరున్నదంతా చెప్పడం మొదలుపెట్టింది. అత్త రెండు చేతులతో గట్టు పట్టుకుని మూలిగింది.

"ఇదేంటే, ఈ పక్కటెముక దగ్గర?"

"బకిలు."

"ఎప్పుడు?"

"చలికాలంలో. మీరు పాటలు పెట్టుకున్నారు."

"ఈ భుజం మీద?"

"అదా? అప్పుడు వార్తలు వస్తున్నాయి."

అత్త చెయ్యి వెనక్కి పెట్టి ఆ భుజం తడుముకుంది. వాన రేకుల మీద దంచుతోంది. "కింద నుంచి పైకి లాగి కొట్టాడు," అంది చివరికి. "ఇది వాళ్ళ నాన్న పద్ధతి. నాకు తెలీదా ఈ దెబ్బ? నా వీపు నీదానిలా ఊడి రాదుగా. ఎవరికీ చూపించలేదు. నేనే ఎప్పుడూ చూసుకోలేదు."

వానకి లోడు ఆగిపోయినట్టుంది, వీధి గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది. ఈసారి అతను చెప్పులు విప్పలేదు. చేతిలో తడి గోనెసంచి. బయట తీగ మీద వీపు లేదు, లోపల పెళ్ళాం వెనక వీపు లేదు.

"ఏది?"

ఆమె దుప్పటి దగ్గరికి లాక్కుంది. ఆమెని గోడ నుంచి ముందుకి వంచి, బెల్టు తీసి విసిరాడు. కొట్టడానికి అక్కడ ఏముంది? దుప్పటి చిరిగి, బెల్టు ఆ ఖాళీలోంచి వెళ్ళి గోడకి తగిలింది. సున్నం పెచ్చు రాలింది. రెండోసారీ అంతే. అప్పుడు పిచ్చెత్తినట్టు ఆమె గొంతు పట్టుకుని, ఎన్నడూ లేంది ముఖం మీదికి పిడికిలి ఎత్తాడు. ఒక దెబ్బకి పెదవి చీలింది. రెండో దెబ్బకి కళ్ళు బైర్లు కమ్మాయి.

"ఆపరా."

తిరిగి చూశాడు. తల్లి తనంత ఎత్తున నిలబడి ఉంది.

"అమ్మా, అది తీసి ఇటియ్యి."

"ఇవ్వను."

"నీది కాదది!"

"కాదు. వచ్చి తీసుకో, చూద్దాం."

నిజంగానే వచ్చాడు. తల్లిని బల్ల మీద బోర్లా పడేసి, మెడ దగ్గర వేళ్ళు దూర్చి, పచ్చి తోలు ఒలిచినట్టు రెండు చేతులా లాగాడు. రాలేదు. గోళ్ళు దిగాయి, నెత్తురొచ్చింది, వీపు మాత్రం రాలేదు. ఉక్రోషం పట్టలేక బెల్టు తిప్పి బకిలు వైపుతో ఒక్కటి వేశాడు.

ముసలిది కేక పెట్టింది.

ఆరేళ్ళుగా తువ్వాల్లోంచి ఎన్ని మూలుగులు వచ్చినా కదలని తలుపులు ఆ ఒక్క కేకకి తెరుచుకున్నాయి. ముసలిది బల్ల మీంచి లేచి, తిన్నగా నడుచుకుంటూ వానలోకి, నడివీధిలోకి వెళ్ళి, ఇళ్ళవైపు వీపు తిప్పి నిలబడింది.

"తల్లిని కొట్టాడర్రా!" అన్నారెవరో. "కన్నతల్లిని!"

మాట్లు వేసే ముసలాయన సుత్తి పట్టుకుని మెట్లు దిగాడు. పాలాయన సైకిలు కింద పడేసి వచ్చాడు. గడప దాటబోయిన మొగుణ్ణి చొక్కా పట్టి బురదలోకి ఈడ్చారు.

"అవి అమ్మవి కావు!" అతను మోచేతులు అడ్డం పెట్టుకుని అరుస్తున్నాడు. "అమ్మని ఒక్కటే కొట్టాను! మిగతావన్నీ నా పెళ్ళాం దెబ్బలు! మీరు చూసినవేగా! ఆరు వారాల్నుంచి చూస్తూనే ఉన్నారుగా!"

కుట్టుమిషనామె ఇనప స్కేలు పట్టుకుని వచ్చింది. ముసలిదాని వెనక నిలబడి నెలవంక గుంట చూసింది. అది ఎవరి వీపో ఆమెకి తెలుసు. కిటికీలోంచి ప్రతి ఆదివారం చూసిందే. ఒక్క క్షణం ఆగి, తెలిసే కొట్టింది. స్కేలు వంగిపోయేదాకా కొట్టింది. వంగాక కాలితో తన్నింది. సుత్తి పడ్డ కుడిభుజం ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడు చేసింది. అతను బురదలో పాకుతూ వీధి చివరి దాకా వెళ్ళాడు. అక్కడ లేచి, ఆ చెయ్యి ఈ చేత్తో పట్టుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. ఆ చెయ్యి ఇక భుజం దాటి పైకి లేవడం లేదని తర్వాత కార్ఖానావాళ్ళు చెప్పారు. ఆ వీధిలోకి మాత్రం మళ్ళీ రాలేదు.

వీధి మెల్లిగా ఖాళీ అయింది. ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు. కుట్టుమిషనామె ఒక్కతే లోపలికొచ్చి, కోడలి పెదవికి తడిగుడ్డ అద్ది, ఆ గుడ్డ ఆమె చేతిలోనే వదిలేసి, వెళ్ళిపోయింది.

వాన వెలిసింది. అత్త వచ్చి కోడలి వెనక చతికిలబడింది.

"తీసుకోవే నీ సామాను."

ఇప్పుడు వీపు మీగడలా వచ్చేసింది. ఇద్దరూ దాన్ని వెలుతురులో పట్టుకుని చూశారు. ఒక్క గీత లేదు, ఒక్క మచ్చ లేదు. కోడలు గబగబా తగిలించుకుని లేచి, అత్త బట్ట పక్కకి తీసి చూసింది. అన్నీ అక్కడున్నాయి. నల్లవి, పచ్చవి, ఎర్రవి. ముసలి చర్మం మీద చోటు చాలక ఒకదాని మీద ఒకటి ఎక్కి కూచున్నాయి. ముసలిది మళ్ళీ కొడవలిలా వంగిపోయింది.

"అత్తయ్యా, ఇవి మీ దగ్గరే ఉండిపోయాయి. ఇటిచ్చెయ్యండి, నాకు అలవాటే."

"ఉండనీ," అంది అత్త. "నేను కన్నవేగా."

ఇద్దరికీ ఒంట్లో ఓపిక లేదు. పొయ్యి వెలిగించలేదు. ఉన్న ఒక్క మంచం మీదే సర్దుకున్నారు. అత్త దిండులో ముఖం పెట్టుకుని బోర్లా పడుకుంది. కోడలు కాసేపు అలవాటు కొద్దీ పక్కకి తిరిగింది. తర్వాత భయంభయంగా, అంగుళం అంగుళం జరుగుతూ, ఆరేళ్ళలో మొదటిసారి వెల్లకిలా పడుకుని, ఒంటి బరువంతా మంచానికి వదిలేసి, ఇంకా వెలుగున్న ఆ సాయంత్రమే నిద్రపోయింది.