చుట్లక్క చేర్చిన రెండు వరుసలు

ఉదయం తొమ్మిదికల్లా జాబితా సగం నడిచింది. ఆసుపత్రికి రావలసిన రోగులకు ఒక్కొక్కరికే ఫోన్ చేసి, పేరు పలికి, పరీక్ష వేళ గుర్తుచేసే ప్రోగ్రాం అది. చివరి పేరు దాటాక మళ్లీ మొదటికొచ్చి, జవాబివ్వనివాళ్లకు ఇంకో చుట్టు వేస్తుంది. ఆసుపత్రి కంప్యూటరు గదిలో కూర్చుని పద్నాలుగేళ్లుగా ఆ చుట్లను కనిపెట్టుకుని ఉండేది ఒకావిడ. అందుకే అందరికీ చుట్లక్క అయింది. కొత్తగా చేరినవాళ్లు 'చుట్టలక్క' అని విని పొగాకు వాసన కోసం ముక్కులెగరేస్తే, నవ్వి ఊరుకునేది. సన్నటి మనిషి, తెర వైపు వంగీ వంగీ మెడ అలాగే ఉండిపోయింది.

పదింటికి ఒక ముసలావిడ ఫోన్ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. భర్త పోయి మూడు వారాలయిందట. అయినా గంటగంటకీ ఫోన్ మోగి, ఆయన్ని పరీక్షకు రమ్మంటోందట.

"వస్తే ఒకటి నొక్కమంటుంది. వేరే రోజు కావాలంటే రెండు. ఆయన ఇక రారని చెప్పాలంటే ఏది నొక్కాలమ్మా?"

చుట్లక్క తెర మీద ఆ నంబరు తెరిచి చూసింది. తప్పు కంప్యూటరు మీదికి నెట్టేస్తే సరిపోయేది. కానీ జవాబు వచ్చేదాకా తిరగమని రాసింది తనే. ఎక్కడ ఆగాలో రాయలేదు.

"తప్పు నాదేనమ్మా. అది రాసింది నేనే."

ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని ప్రోగ్రాంలో రెండు వరుసలు చేర్చింది. మూడు చుట్లకీ పలకకపోతే, ఆ నంబరుకు ఫోన్ చేయడం ఆపాలి. మనిషి పోయినట్టు నమోదైతే, ఆ పేరు వదిలి తర్వాతి పేరుకు వెళ్లాలి.

పని అయిపోయినా ఆవిడ లేవలేదు. ఇంట్లో ఆయన పేరు పలికేవాళ్లు ఇంకెవరూ లేరనీ, చివరిగా ఒక్కసారి మోగనివ్వమనీ అడిగింది. చుట్లక్క మీట నొక్కింది. ఫోన్ మోగింది. ఆవిడ చెవి దగ్గర పెట్టుకుని, పేరు నుంచి వేళ దాకా అంతా విని, "ఇక చాలమ్మా" అంది.

సాయంత్రం ఇంటికెళ్లి చుట్లక్క ఇదంతా చెల్లెలికి చెప్పింది. ఇన్నేళ్లలో ఇంకెంతమందిని ఇలా ఏడిపించానో అని బాధపడింది. తెలిశాక దిద్దావు కదా అని సర్దిచెప్పి, చెల్లెలు టీ పెట్టడానికి లేచింది. కప్పుతో వచ్చేసరికి అక్క కిటికీ పక్క కుర్చీలో తల వాల్చేసి ఉంది. అలిసిపోయిందనుకుని దుప్పటి కప్పింది. కాసేపటికి లేపబోయి చెయ్యి పట్టుకుంటేగానీ ఆమె పోయిందని తెలియలేదు.

మర్నాడు జాబితా వేళకే మొదలై, మధ్యాహ్నానికల్లా పూర్తయి, ఆగింది. కంప్యూటరు గదిలో చలికి ఆమె వేసుకునే స్వెటరు కుర్చీ వీపుకు వేలాడుతోంది; ఎడమ మోచేతి దగ్గరి చిరుగును వేరే రంగు దారంతో, ఒకదాన్నొకటి ఆనుకున్న చిన్న చిన్న కుట్లు పట్టి ఉంచాయి.