ఓదెమ్మ బిళ్ళ

నా కూతురు ఓదెమ్మ పోయి ఏడాది తిరగకముందే నా అల్లుడు పోశం రాజక్కను చేసుకొచ్చాడు. ఇంట్లో పసిపిల్ల ఉంది, చేసుకోక ఏం చేస్తాడని నేనేమీ అనలేదు. కానీ మా దిక్కు ఒక ఆచారం ఉంది. మొదటి భార్య చచ్చిపోతే, రెండో ఆమె చచ్చినామె పేరున ఒక బిళ్ళ మెడలో కట్టుకోవాలి. పండుగనాడు దానికి బువ్వ చూపించాకే తాను తినాలి. అట్లా చేస్తేనే చచ్చినామె చల్లబడుతుంది, పిల్లల జోలికి రాదు. ఈ రాజక్క మెడలో పుస్తెలు తప్ప ఇంకేదీ నా కంట పడలేదు. రవికె మాత్రం గొంతు దాకా కుట్టించుకునేది. లోపల ఏమీ లేదు గనకే ఇంత దాపరికం అనుకున్నాను.

ఇంకో అనుమానం కూడా నన్ను తొలిచేది. ఓదెమ్మ పెళ్లికి నేను పెట్టిన వెండి బిళ్ళ ఏమైనట్టు? మా ఊరి పాటిగడ్డ ఎన్నడో పాడుబడ్డ ఊరి దిబ్బ. ఆ మట్టి పొలానికి మంచి ఎరువు. నా మొగుడు దాన్ని బండికెత్తుతుంటే దొరికింది ఆ బిళ్ళ, ఒకవైపు రాజు తల ఉండేది. పోశం తాగేశాడో, ఈమె అమ్ముకుందో. గంతకు తగ్గ బొంత, ఇద్దరూ ఇద్దరే!

ఆ ఎండాకాలం సర్కారు వాళ్లు పాతకాలపు వస్తువుల కోసం అదే పాటిగడ్డను తవ్వించసాగారు. హైదరాబాదు నుంచి రామేశ్వర్‌రావు సారు వచ్చాడు. గడ్డలో ఎప్పుడు ఏది దొరికినా సర్కారుదేనని మొదటిరోజే అందరికీ చెప్పాడు. కూలికి నేనూ పోయాను, రాజక్కా వచ్చింది. పోశం గోదావరిఖనిలో బొగ్గుబాయి పనిలో ఉన్నాడు. మట్టి మోస్తూనే నేను ఒక కన్ను ఆమె మీద వేసి ఉంచేదాన్ని.

"అవ్వా, జర నీళ్లు తాగు. ఎండ మస్తుగున్నది" అంటూ చెంబు పట్టుకొచ్చేది.

నేను అందుకునేదాన్ని కాదు, పలికేదాన్నీ కాదు. ఎవరే నీ అవ్వ? నన్ను అవ్వా అని పిలిచే నోరు మట్టిలో కలిసిపోయింది.

ఒకరోజు ఇటుక గోడ పక్కన కుండ బయటపడింది, నిండా వెండి బిళ్ళలు. సముద్రం అవతలి రోము రాజుల నాణేలట, వర్తకానికి ఇంతదూరం వచ్చాయట. సారు సంబరం అంతా ఇంతా కాదు. కానీ ఆ గడియ నుంచి మమ్మల్ని చూసే చూపు మారింది. గంపలు బోర్లించమన్నాడు, కొంగులు దులపమన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు రాజక్క గంప ఎత్తుకుంటుంటే మెడలో దారం తెగింది. రవికెలోంచి ఒక బిళ్ళ జారి సారు కాళ్ల దగ్గర పడింది. దాని మీద రాజు తల ఉంది.

సారు చటుక్కున తీసి పిడికిలి బిగించాడు. "కుండలోంచి ఎప్పుడు తీశావు?"

"తియ్యలే సారూ, నీ కాల్మొక్త. గది మా అక్క. సచ్చిపోయిన ఓదెమ్మక్క. పెండ్లినాడు కట్టుకున్న, గిప్పటిదాక ఇప్పలే."

మేస్త్రీ మొగిలి పకపకా నవ్వాడు. "అక్కనట! పోలీసోళ్ల ముంగట చెప్తది తియ్యి, సారూ."

"నీకు సాక్షి ఎవరైనా ఉన్నారా?" అన్నాడు సారు.

రాజక్క నా వైపు చూసింది. చూసి, వెంటనే కళ్లు దించుకుంది. నేను పలకనని ఆమెకు తెలుసు. నోరు మూసుకుంటే ఈ పిల్ల ఠాణాకు పోతుంది. నోరు తెరిస్తే నా ఓదెమ్మ బిళ్ళ సర్కారు పాలవుతుంది.

"నీ నోట్ల మన్నువడ, మొగిలీ! నవ్వుడాపు" అని ముందుకు పోయాను. "సారూ, పిడికిలి ఇప్పకు. నేన్ చెప్త, ఇను. రాజు ముక్కు అరిగిపోయి ఉంటది. బెజ్జం రాజు చెవుల ఉంటది. మా ఆయిన ఇనుప మొలతోని కొట్టిండు, అది వంకర పోయింది."

సారు పిడికిలి విప్పాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. కుండలోవి నల్లగా మట్టి పట్టి ఉన్నాయి, ఇది ఒంటికి రాసుకుని రాసుకుని తెల్లగా మెరుస్తోంది.

"ఎక్కడిదిది?"

"గీ గడ్డదే. ఎన్నడో దొరికింది. నా బిడ్డ మెడల నేనే కట్టిన. గీ పిల్ల దొంగ కాదు."

"దొంగ కాదు, ఒప్పుకుంటున్నాను" అన్నాడు సారు మెల్లగా. "కానీ గడ్డలోదని నువ్వే చెప్పావు కదమ్మా. తిరిగి ఇవ్వలేను." దాన్ని తీసుకుపోయి మిగతా బిళ్ళల డబ్బాలో వేశాడు.

దొంగ అన్నప్పుడు ఏడవని రాజక్క అప్పుడు ఏడ్చింది. రెండు చేతులూ మెడకు అదుముకుంది. "ఉత్త మెడతోని ఇంటికెట్ల పోవాలె? అక్కకు కోపమొస్తే పిల్ల ఏంగావాలె?"

ఆ పిల్ల నా ఓదెమ్మ కన్న పిల్ల. నాకు సిగ్గు ముంచుకొచ్చింది. నా కుడి చెవి కమ్మ ఊడదీసి, తెగిన దారానికి గుచ్చి, ఆమె మెడలో ముడి వేశాను.

"ఓదెమ్మ పాలు తాగేటప్పుడు గీ కమ్మనే పట్టుకొని గుంజేది. గిదే మీ అక్క అనుకో. అది ఏమనది. అన్నదా, నేన్ చెప్త దానికి."

"అవ్వా" అంది రాజక్క.

"ఆఁ, బిడ్డా" అన్నాను. "చెంబేది? దూపైతంది."