తొమ్మిది అడుగుల నీళ్ళు

పడవ కొనుక్కున్నవాళ్ళు సోమవారం పొద్దున వచ్చి తీసుకువెళ్తామన్నారు. అంటే వసుమతికి మిగిలినవి శని, ఆదివారాలు. శనివారాన్ని వాన తినేసింది.

ఆదివారం తెల్లవారేసరికి వాన వెలిసింది. కేబిన్ కిటికీలోంచి చూస్తే సరస్సు అవతలి ఒడ్డు కనిపించలేదు. పొగమంచు కొంత, దూరం కొంత. మిషిగన్ రాష్ట్రం ఉత్తరపు కొసన, పెద్ద వంతెన దాటి ఇంకా మూడు గంటలు పోతే వస్తుందీ సరస్సు. ట్రాయ్‌లోని ఇంటి నుంచి ఎనిమిది గంటల ప్రయాణం. పద్దెనిమిదేళ్ళపాటు ప్రతి మే నెలాఖరునా, మెమోరియల్ డే సెలవులకి, ఆమె భర్త జగదీష్ ఆ ఎనిమిది గంటలూ డ్రైవ్ చేసుకుంటూ ఇక్కడికి వచ్చేవాడు. వసుమతి రావడం ఇదే మొదలు. జగదీష్ పోయి ఆరు నెలలు దాటింది.

టేబుల్ మీద ఆయన నోటుబుక్కు ఉంది. నీలం అట్ట, నీళ్ళకి ఉబ్బి, మళ్ళీ ఎండిన కాగితాలు. కారు కంపెనీలో ఇంజినీరుగా బతికిన మనిషి కాబట్టి చేపలకి కూడా స్కేలుతో గడులు గీసుకున్నాడు. ఏడాదికి ఒక వరస. తేదీ, గాలి, నీటి వేడి, లోతు, పడిన చేపలు. చిట్టచివరి గడి పైన చిన్న అక్షరాలతో ‘వసు’ అని ఉంది. ఆ గడిలో 1991 నుంచి 2007 దాకా ప్రతి వరసలోనూ ఒకటే అక్షరం, ఇంగ్లీషు A.

వసుమతి ఇరవయ్యారేళ్ళుగా మిడిల్ స్కూల్లో లెక్కలు చెబుతోంది. పేరుకి ఎదురుగా గడిలో A ఉంటే దానికి అర్థమేమిటో ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆబ్సెంట్.

ప్రతి ఏడూ మే రెండో వారంలో ఆయన ఒక్కసారి అడిగేవాడు. “ఈసారి వస్తావా?” అని. “పేపర్లు దిద్దాలండీ,” అనేది ఆమె. అది అబద్ధం కాదు. స్కూలు ముగిసే రోజులు, పేపర్లు కట్టలు కట్టలుగా ఉండేవి. అయితే పేపర్లు పడవలో కూర్చుని కూడా దిద్దుకోవచ్చన్న సంగతి ఆమెకి అప్పుడు తోచలేదు. ఆయన తెచ్చిన చేపలకి పసుపు, కారం పట్టించి వేయించేది, బాగున్నాయనేది, అంతే.

నిరుడు, 2008 వరసలో, చివరి గడి ఖాళీగా ఉంది. నిరుడు ఆయన అడగలేదు. అడగలేదని ఆమె గమనించింది కూడా. గమనించి, ఒక పని తప్పిందనుకుని, పేపర్లు ముందేసుకుని కూర్చుంది.

మార్చిలో గరాజు సర్దుతుంటే నోటుబుక్కు దొరికింది. దాని ముందట్ట లోపలి వైపు రెండు వాక్యాలు రాసి ఉన్నాయి. జగదీష్ పడవ చేతులు మారేలోపు ఆ వాక్యాలు చెప్పే చోటుకి ఒక్కసారి వెళ్ళి కూర్చోవాలని ఆ రోజే అనుకుంది. అందుకోసమే వచ్చింది. పడవ నడపడం మాత్రం ఆమెకి రాదు.

తలుపు చప్పుడైంది.

“చెల్లెమ్మా! లేచావా? చేపలు టిఫిన్లు కూడా చేసేసి ఉంటాయి!”

ధర్మారావు. జగదీష్‌కి నలభయ్యేళ్ళ స్నేహితుడు. మత్తు డాక్టరుగా రిటైరయ్యాడు. పద్దెనిమిదేళ్ళూ పక్క కేబిన్ ఆయనదే. సాయంత్రాలు ఇద్దరూ ఒకే పడవలో వాలై చేపలకి వెళ్ళేవాళ్ళు. వాలై ఈ సరస్సుకి పెద్ద చేప. మే పదిహేనున దాని సీజన్ మొదలవుతుంది. చీకటి పడేవేళ రాతి గుట్టల మీదికి వస్తుంది. ఎక్కడ పడుతోందని అడిగితే ఇక్కడ ఎవరైనా చెబుతారు. క్రాపీ సంగతి అలా కాదు. అరచేయంత వెండి చేప, ఒంటినిండా నల్ల చుక్కలు. నీళ్ళు వెచ్చబడగానే గుడ్లు పెట్టడానికి గుంపుగా ఒకే చోటికి చేరుతుంది. ఆ చోటు తెలిసినవాడు కన్నకొడుక్కి కూడా చెప్పడు. జగదీష్ పొద్దుటిపూట ఒక్కడే క్రాపీలకి వెళ్ళేవాడు. ధర్మారావు తన పడవేసుకుని వెంటపడేవాడు. జగదీష్ ఎక్కడో ఉత్తుత్తిగా లంగరు వేసి, ఆయన విసుగెత్తి వెళ్ళిపోయేదాకా కదలకుండా కూర్చునేవాడట. ట్రాయ్‌లో విందులకి కలిసినప్పుడల్లా ఈ కథ చెప్పుకుని నవ్వేవాళ్ళు.

ఇప్పుడు వసుమతికి వచ్చిన చిక్కు అదే. ధర్మారావు లేకుండా ఆ చోటుకి వెళ్ళలేదు. ఆయన్ని తీసుకువెళితే, భర్త పద్దెనిమిదేళ్ళు దాచుకున్నది బయటపెట్టినట్టే.

రేవులో పడవ ఎక్కాక ఆ మాటే చెప్పేసింది. “అన్నయ్యగారూ, ఒక ఇబ్బంది ఉంది. ఆ చోటు ఆయన మీకు చెప్పలేదు.”

“చెప్పలేదా! పొమ్మన్నాడమ్మా. ఒక ఏడాది నోట్లోంచి రాబట్టాలని స్కాచ్ కూడా పోశాను. తాగేసి, థాంక్స్ చెప్పి పడుకున్నాడు.” ధర్మారావు కొంచెంసేపు ఆలోచించి కళ్ళద్దాలు తీశాడు. సీసా అడుగుల్లా దళసరి అద్దాలు. చొక్కా జేబులో పెట్టుకుని జిప్పు లాగాడు. “ఇక సరేనా? ఇవి లేకపోతే ఎదురుగా ఉన్నది నువ్వో, ఎర బకెట్టో కూడా నాకు తెలీదు. నువ్వు కుడి, ఎడమ చెప్పు. నేను మోటారు తిప్పుతా.”

“కళ్ళు కనిపించకుండా పడవ నడుపుతారా?”

“మత్తు డాక్టర్ని చెల్లెమ్మా. కళ్ళు మూసుకున్నవాళ్ళని ఇంటికి చేర్చడమే కదా నా వృత్తి.”

ఆమెకి నవ్వొచ్చింది. వచ్చినందుకు కొంచెం ఆశ్చర్యపోయింది.

పొగమంచు విడుతోంది. వసుమతి పడవ ముందు బల్ల మీద నోటుబుక్కు తెరిచి కూర్చుంది. మొదటి వాక్యం, ‘చర్చి మొన ఎర్ర షెడ్డు మీదికి రావాలి.’ రెండోది, ‘ఒంటి పైన్ చెట్టు నీళ్ళ ట్యాంకుకి అడ్డం రావాలి. 9 అడుగులు.’ ఒడ్డున రెండు వస్తువులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయంటే మనం ఒక గీత మీద ఉన్నట్టు. ఇంకో రెండు కూడా అలాగే వస్తే రెండో గీత. రెండు గీతలూ కలిసిన బిందువే ఆ చోటు. ఏడో తరగతి పిల్లలకి ఆమె చెప్పే పాఠం.

“కుడికి. ఇంకొంచెం. చాలు, ఇలాగే పోనివ్వండి.”

వెనకాల చర్చి మొన షెడ్డు కప్పు మీద నిలబెట్టినట్టు కుదిరింది. పడవ ఆ గీత మీదే ముందుకి సాగింది. వసుమతి ఎడమవైపు ఒడ్డు చూస్తూ కూర్చుంది. నీళ్ళ ట్యాంకు కనిపించింది. చెట్టు కనిపించలేదు. కొండకొమ్ములా నీళ్ళలోకి వచ్చిన ఆ ఒడ్డు మీద పైన్ చెట్లు వరసగా ఉన్నాయి గానీ, ఒంటిగా ఏదీ లేదు. అన్నిటికంటే చివరగా ఉన్నదాన్ని ఎంచుకుంది. అది ట్యాంకుకి అడ్డం వచ్చాక ఆపమంది.

లంగరు తాడుకి మూడేసి అడుగులకొక ముడి చొప్పున జగదీష్ వేసి పెట్టాడు. తొమ్మిది అడుగులంటే మూడు ముడులు. ఆమె వదిలిన తాడు నాలుగు, అయిదు, ఆరు ముడులు దిగి, ఎనిమిదో ముడి దగ్గర ఆగింది.

“ఇది కాదు,” అంది.

ఇంకో చెట్టుని పట్టి చూసింది. ఆరు ముడులు. ఇంకొకటి. ఏడున్నర. తడి తాడు లాగి లాగి అరచేతులు ఎర్రబడ్డాయి. ఒక గీత మీద ఎన్ని బిందువులైనా ఉంటాయని ప్రతి ఏడూ బోర్డు మీద రాసే మనిషే. ఇప్పుడా గీత మీద మైళ్ళకొద్దీ నీళ్ళున్నాయి, అన్నీ ఒకేలా ఉన్నాయి. దూరంగా రెండు మూడు పడవలు. ఎవరూ ఎవరివైపూ చూడడం లేదు. ఎక్కడో లూన్ పక్షి ఒకసారి కూసి ఊరుకుంది.

ఒడ్డుని మళ్ళీ మొదటి నుంచి చూసింది. కొమ్ము చివర, నీళ్ళ అంచున, ఒక మొద్దు పడి ఉంది. విరిగిన చోట చెక్క ఇంకా పచ్చిగా, లేత పసుపు రంగులో ఉంది. చలికాలం గాలివానకి పడి ఉంటుంది. జగదీష్ నిరుడు ఇక్కడికి వచ్చినప్పుడు నిలబడే ఉండి ఉంటుంది.

“ఆ చెట్టు లేదు అన్నయ్యగారూ. పడిపోయింది.”

ఏ చెట్టని ధర్మారావు అడగలేదు.

జేబు జిప్పు తీశాడు. అద్దాలు చొక్కా అంచుతో తుడిచి పెట్టుకున్నాడు. మోటారు స్టార్ట్ చేసి, పడవని నెమ్మదిగా వెనక్కి తిప్పి, వాళ్ళు దాటివచ్చిన నీళ్ళలోకే నడిపించాడు. చర్చి వైపు ఒకసారి, ట్యాంకు వైపు ఒకసారి చూసి మోటారు ఆపేశాడు. పడవ దానంతటది కొంత జారి నిలబడింది.

“ఇప్పుడు వెయ్యమ్మా.”

తాడు మూడో ముడి దగ్గర ఆగింది.

వసుమతి ఆ ముడిని వేళ్ళతో తడిమింది. “ఎప్పటినుంచి తెలుసు మీకు?” అంది.

“రెండో ఏడు నుంచి. వాడు ఇంజినీరు గానీ దాచుకోవడం రాదు. నేను వెళ్ళిపోయాననుకుని, పట్టినంతసేపూ తల ఎత్తి ఆ చెట్టునీ, ఆ ట్యాంకునీ చూస్తూ ఉండేవాడు.”

“మరి ఇన్నేళ్ళూ వెంటపడ్డారు కదా?”

“వెంటపడకపోతే వాడు బాధపడడూ?”

“ఒక్కసారైనా ఇక్కడ గాలం వేశారా?”

“ఛ ఛ! వాడు చెప్పలేదుగా.”

ఆయన గాలానికి ఎర గుచ్చి ఇచ్చాడు. వేలెడు కూడా లేని చిన్న చేప. నీళ్ళ మీద ఎర్ర బెండు నిలబడింది. అది మునగగానే వసుమతి గట్టిగా గుంజింది. తేలికగా వచ్చేసింది, ఖాళీ కొక్కెం.

“అలా లాగకూడదు చెల్లెమ్మా. దీని మూతి కాగితం. ఊరికే ఎత్తు, అంతే. పిల్లల చేతిలోంచి పేపరు తీసుకుంటావు చూడు, అలా.”

రెండోసారి అలాగే ఎత్తింది. వెండి చేప ఎండలో అటూ ఇటూ కొట్టుకుంటూ పైకి వచ్చింది. ఆమె చేతిలో చల్లగా, అనుకున్నదానికంటే బరువుగా ఉంది. ఈ చేపని ఇన్నేళ్ళూ తోమి, కోసి, పెనం మీద వేసిన చేతులే. బతికి ఉండగా పట్టుకోవడం మాత్రం ఇదే.

గంటలో అయిదు పడ్డాయి. ఆ తర్వాత బెండు కదలలేదు. ఆ నీళ్ళలో ప్రత్యేకంగా చూడవలసింది ఏమీ లేదు. అడుగున కలుపు, పైన ఆకాశం. కేబిన్ ముందున్న నీళ్ళకీ వీటికీ తేడా చెప్పమంటే ఆమె చెప్పలేదు.

“చేపలు పడనప్పుడు ఆయన ఒక్కరూ ఇక్కడ ఏం చేసేవారో,” అంది చివరికి.

ధర్మారావు గాలం చుట్టి పక్కన పెట్టాడు. “తెలీదమ్మా. అంత దగ్గరికి నేనెప్పుడూ రాలేదు.”

ఆమె తల ఊపింది. తెలిసినవాడు లేడు.

నోటుబుక్కు తెరిచి, ముందట్ట లోపల ‘ఒంటి పైన్ చెట్టు’ అన్న మాటల్ని ఒక్క గీతతో కొట్టేసింది. పక్కన తన అక్షరాలతో ‘పడిపోయింది (2009)’ అని రాసింది. ట్యాంకు వైపు చూసి, దాని కింద నీళ్ళలోంచి పైకి పొడుచుకొచ్చిన బూడిదరంగు బండని గుర్తుపట్టి, అది కూడా రాసింది.

“వచ్చే ఏడు నుంచి మీరిక్కడ పట్టుకోండి అన్నయ్యగారూ.”

“వాడు చెప్పలేదని...”

“నేను చెబుతున్నాను. చర్చి మొన ఎర్ర షెడ్డు మీదికి. బూడిద బండ ట్యాంకు కిందికి. తొమ్మిది అడుగులు.”

ఆయన వినబడనట్టు బకెట్టులో నీళ్ళు మార్చాడు. ఆ తర్వాత, “బూడిద బండ,” అని ఒకసారి అనుకున్నాడు, పాఠం వప్పజెప్పినట్టు.

ఆమె కొత్త వరస గీసింది. స్కేలు లేదు, గీత కొంచెం వంకర పోయింది. మే 24. గాలి పడమర, తక్కువ. నీటి వేడి 61 ఫారెన్‌హీట్. లోతు 9. చేపలు 5. పెన్ను చివరి గడి దగ్గరికి వచ్చి ఆగింది.

ధర్మారావు ఆ గడులన్నీ చూశాడు. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి. అర్థమైనట్టు ఆయన మొహం మారింది.

“ప్రెజెంట్ వేసెయ్యి చెల్లెమ్మా. వచ్చావుగా,” అన్నాడు మెల్లగా.

“ఎవరి హాజరు వాళ్ళు వేసుకుంటే మా క్లాసులో నేను ఎప్పుడూ ఒప్పుకోలేదండీ,” అంది వసుమతి. “పిలిచినవాళ్ళే వెయ్యాలి.”

గడిని నిరుటి దాని కింద అలాగే ఖాళీగా వదిలేసి, పెన్ను మూత పెట్టింది. నోటుబుక్కుని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఒడిలో పెట్టుకుంది.

ధర్మారావు లంగరు తాడు మీద చెయ్యి వేశాడు. “వెళ్దామా?”

“ఇంకాసేపు ఉందాం.”

ఆయన తాడు వదిలేశాడు. కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకుని, జిప్పు లాగి, అటువైపు తిరిగి కూర్చున్నాడు.