కోటలో వంటమనిషి

తుఫాను తీరం దాటేదాకా ఎవరూ బయటికి రావద్దని అధికారులు చెప్పడంతో, శ్రీకూర్మం దిగువ పల్లె జనమంతా షెల్టర్ హాల్లో ఇరుక్కుపోయారు. కిటికీలు బిగించేశారు. తడిబట్టల వాసన, ఉక్క. దుర్గ భర్త ఎల్లాజీ బోటుతో విశాఖ రేవులో ఆగిపోయాడు. ఇంజనీరింగ్ చదివే మరిది వెంకీ, దుర్గనీ తన తల్లి లక్ష్మణమ్మనీ కూర్చోబెట్టి, విజయనగరం హాస్టల్లో నేర్చుకున్న ఆట మొదలెట్టాడు. ఒక్కొక్కరూ ఒక పాత్రగా మారి, ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెప్పాలి. అది జరుగుతుందో లేదో తేలకపోతే పాచిక వేయాలి.

దుర్గ కోటలో బందీగా ఉన్న వంటమనిషి అయింది. లక్ష్మణమ్మ గేటు కాపలాదారు.

"వదినా, నీ మనిషికి ఒక లోపం ఉండాల," అన్నాడు వెంకీ.

"ఎవులేటన్నా ఎదురు సెప్పదు."

కథలో శత్రువులొచ్చారు. తోటి బందీలు సొరంగం తవ్వుకుని పారిపోయారు. వంటమనిషి మాత్రం పొయ్యి వదల్లేదు.

"ఇంత జరిగినా మారదేటి, వదినా?"

"మారితే ఎక్కడికెల్తాది?"

"అది నువ్వే సెప్పాల."

దుర్గ మెల్లగా అంది: "గేటు కాడికెల్లి అడుగుతాది. నర్సు సదువు మద్దిలో ఆగిపోనాది, పూర్తి సేసుకుంతాను, తలుపు తియ్యి అంతాది."

కోటలో నర్సు చదువేమిటని వెంకీ అడగలేదు. పాచిక అందించబోతే లక్ష్మణమ్మ వద్దంది.

"తీసేత్తాడు. కాపలా కాసీవోడికి మాత్రం ఇసుగుండదేటి. పోనీ దాన్ని."

దుర్గ అత్త వైపు తిరిగింది. "అయితే నన్ను సికాకోలు పంపుతావా అత్తా? అక్కడి నర్సు కాలేజీలో మళ్లీ సేర్సుకుంతారట."

లక్ష్మణమ్మ ముఖం బిగుసుకుపోయింది. "అది ఆట. నువ్వెల్తే సేపలెవులు ఎండబెడతారు? నా మోకాళ్లు లెగవు."

వెంకీ పాచిక జేబులో వేసుకున్నాడు. దుర్గ చెవులు వేడెక్కాయి. లేచి వెళ్లిపోదామంటే కాలు పెట్టే చోటు లేదు. అత్తాకోడళ్లిద్దరికీ ఒకటే దుప్పటి. అడగకుండా ఉండాల్సిందనుకుంది. కానీ నోరు ఊరుకోలేదు.

"వాన తగ్గినాక మళ్లీ అడుగుతాను."

"అడుగు. ఒద్దనే అంతాను," అంది లక్ష్మణమ్మ గోడవైపు తిరిగి పడుకుంటూ.

"ఆ మర్నాడు కూడా అడుగుతాను."

కాసేపటికి లక్ష్మణమ్మ ఇంకాస్త గోడవైపు జరిగి, కోడలు నడుం వాల్చడానికి చోటిచ్చింది.